నాలుగు మీటర్ల లోపల

వస్తువును కొనడం వేరు, ఎన్నుకోవడం వేరు. చేతిలో డబ్బుంటే ఎవరైనా కొనగలరు. ఎన్నుకోవాలంటే మాత్రం తన అవసరమేమిటో తనకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఒకప్పుడు మధ్యతరగతి ఇంట సైకిలు కొనడమే పెద్ద విశేషం. తరువాత స్కూటరు వచ్చింది. నేడు కారు కూడా ఆ వరుసలో చేరింది. అయినా జీవితకాలంలో ఒకటి రెండుసార్లకు మించి చేయలేని ఖర్చు కనుక కారు ఎంపిక అనేక కుటుంబాలకు ఒక పరీక్షగానే మిగిలింది. తెనాలిలో స్థిరపడిన ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు 2025 చివరలో ఈ పరీక్షను ఎదుర్కొన్న తీరు గమనింపదగినది.

ఊరిలో అందరూ ఆయనను మాస్టారు అనే పిలుస్తారు. ఆయన భార్యకు మూత్రపిండాల వ్యాధి. వారానికి మూడుసార్లు గుంటూరు వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు ఆమె బాగానే ఉంటుంది. నాలుగు గంటల చికిత్స ముగిసేసరికి నీరసించి, చక్రాల కుర్చీ లేనిదే నాలుగడుగులు వేయలేదు. రెండేళ్లుగా వారి ప్రయాణం ఆటోలోనే సాగింది. ఒకనాడు తిరుగు ప్రయాణంలో ఆమె కళ్లు మూసుకొని పక్క కమ్మీకి తల ఆనించింది. ఆటో గతుకులో పడింది. ఆమె నుదురు కమ్మీకి తగిలింది. "ఏమీ కాలేదు లెండి" అని ఆమె నవ్వింది. మాస్టారు నవ్వలేకపోయారు. పదవీ విరమణ నాడు వచ్చిన సొమ్ములో కొంత తీసి కారు కొనాలని ఆ రాత్రే నిశ్చయించుకొన్నారు.

కారు కొంటున్నారని తెలియగానే సలహాలకు కొదవ లేకపోయింది. చిన్న హ్యాచ్‌బ్యాక్ చాలునని పొరుగింటివారు అన్నారు. "రోడ్డుకు ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ తీసుకోండి నాన్నగారూ, అందరూ అవే కొంటున్నారు" అని బెంగుళూరు నుంచి కుమారుడు ఫోను చేశాడు. మాస్టారు ఎవరి మాటనూ తోసిపుచ్చలేదు. టేపు తీసుకొని, కుర్చీలో కూర్చున్న భార్య మోకాలి ఎత్తు కొలిచారు. సీటు అంతకంటే బాగా ఎత్తుగా ఉంటే ఆమె ఎక్కలేదు. మరీ పల్లంగా ఉంటే లేవలేదు. ఎస్‌యూవీలో ఎక్కడమే కష్టమని తేలింది. హ్యాచ్‌బ్యాక్‌లో చక్రాల కుర్చీ పెట్టాలంటే వెనుక సీటు మడవక తప్పదు. అప్పుడు ఆమె ఒరిగి పడుకోవడానికి చోటుండదు. సామానుకు వేరుగా డిక్కీ ఉండే చిన్న సెడాన్ ఒక్కటే ఆయన లెక్కకు సరిపోయింది.

ఈ చిన్న సెడాన్ పుట్టుకే ఒక లెక్క. 2006 కేంద్ర బడ్జెట్టులో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు నాలుగు మీటర్లకు మించరాదు. పెట్రోలు ఇంజను 1,200 సీసీకి, డీజిల్ ఇంజను 1,500 సీసీకి లోబడి ఉండాలి. ఈ నియమానికి ఒదిగేలా టాటా సంస్థ 2008లో ఇండిగో సీఎస్‌ను తీసుకొని వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన మారుతి డిజైర్ తొలుత నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2012లో దాని వెనుక భాగాన్ని కుదించారు. 2013లో హోండా అమేజ్, 2017లో టాటా టిగోర్, 2020లో హ్యుందాయ్ ఆరా వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇటువంటి పెట్రోలు కార్లపై 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సుకు బదులు 18 శాతం జీఎస్టీ మాత్రమే మిగిలింది. మాస్టారి ధైర్యానికి ఈ తగ్గింపు కూడా ఒక కారణం.

ఒకే నియమానికి ఒదిగిన వస్తువులు ఒకదానినొకటి పోలి ఉండడం సహజం. డిజైర్, అమేజ్, ఆరాల పొడవు 3,995 మిల్లీమీటర్లు. టిగోర్ పొడవు 3,993. నాలుగింటి ఇంజన్లూ 1,200 సీసీకి ఒకటి నుంచి మూడు సీసీలు మాత్రమే తక్కువ. భారతంలోని నలోపాఖ్యానంలో స్వయంవర మండపాన దమయంతి ఎదుట ఐదుగురు నలులు ఒకే రూపంతో కనిపిస్తారు. వారిలో నలుగురు దేవతలు. వారికి చెమట పట్టదు, రెప్ప పడదు, పాదాలు నేలను తాకవు. చెమట పట్టి, నేలపై నిలిచినవాడే తన నలుడని ఆమె గుర్తించింది. ఎంపికకు ఆధారం మెరుపు కాదు, నేలను తాకే గుణం. మాస్టారు కూడా అటువంటి గుర్తుల కోసమే వెదికారు.

మొదటి గుర్తు భద్రత. డిజైర్ 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలోనూ, అమేజ్ 2025లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలోనూ పెద్దల రక్షణకు 5 నక్షత్రాలు పొందాయి. రెండింటిలోనూ అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. పోటీ చివరకు ఈ రెండింటి మధ్యనే నిలిచింది.

రెండవది డిక్కీ. కాగితంపై డిజైర్‌కు 382 లీటర్లు, అమేజ్‌కు 416 లీటర్లు. అయితే లీటర్లు లోపలి చోటును చెప్పగలవే కాని, వాకిలి వెడల్పును చెప్పలేవు. మాస్టారు చక్రాల కుర్చీని ఆటోలో వేసుకొని షోరూములకు వెళ్లారు. తెరపై బొమ్మల గురించి, రంగుల గురించి చెప్పబోయిన కుర్రవాడు కుర్చీని చూసి మాట ఆపి, డిక్కీ తెరిచాడు. మాస్టారు రెండు బండ్లలోనూ కుర్చీని మడిచి పెట్టి, తీసి, తానొక్కడే ఎత్తగలనో లేదో చూసుకొన్నారు.

మూడవది కుదుపు. అరవై దాటిన మాస్టారికి ఎడమకాలి నొప్పి ఉంది. అందువల్ల గేర్లు తమంతట తామే మారే బండి అవసరమైంది. అందులోనూ భేదాలున్నాయి. ఏఎమ్‌టీ పద్ధతిలో గేరుపెట్టె మామూలుదే. మనిషి కాలు, చేయి చేసే పనిని యంత్రం చేస్తుంది. గేరు మారినపుడు ఇంజను పట్టు ఒక్క క్షణం విడిచి తిరిగి అందుకొంటుంది. అప్పుడు బండి స్వల్పంగా తల ఊపినట్లవుతుంది. సీవీటీ పద్ధతిలో రెండు కప్పీల మధ్య ఉక్కు పట్టీ జారుతూ వేగాన్ని మారుస్తుంది. అక్కడ మెట్లు లేవు కనుక ఊపు కూడా లేదు. ఈ నాలుగు కార్లలో సీవీటీ లభించేది అమేజ్‌లో మాత్రమే. దాని ఇంజనులో సిలిండర్లు నాలుగు, డిజైర్‌లో మూడు. సిలిండర్లు పెరిగితే అదురు తగ్గుతుంది.

కాని మైలేజీలో త్రాసు రెండవ వైపుకు మొగ్గింది. ప్రకటించిన అంకెల ప్రకారం లీటరుకు డిజైర్ ఏఎమ్‌టీ 25.71 కిలోమీటర్లు ఇస్తే, అమేజ్ సీవీటీ 19.46 మాత్రమే ఇస్తుంది. నెలకు 700 కిలోమీటర్ల ప్రయాణానికి తేడా సుమారు 9 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకొంటే వెయ్యికి కాస్త తక్కువ.

"ఏడాదికి పన్నెండు వేలు మాస్టారూ! ఊరికే వస్తాయా?" అన్నారు పొరుగింటివారు.

"ఊరికే రావు. అందుకే వాటితో ఏం కొంటున్నానో చూసుకొంటున్నాను" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం భార్యను వెనుక సీటులో కూర్చోబెట్టి రెండు కార్లనూ ఒకే దారిలో నడిపి చూశారు. ఏది బాగుందని ఆయన అడగలేదు. అడిగితే ఆమె ధర తక్కువదే బాగుందని చెబుతుందని ఆయనకు తెలుసు. అద్దంలో ఆమె చేతిని గమనించారు. మొదటి బండిలో ఆ చేయి తలుపు పిడిని వదలలేదు. రెండవ దానిలో కొంతదూరం పోయాక ఒడిలోకి చేరింది. ఆ రెండవది అమేజ్. ఎంపిక అక్కడే జరిగిపోయింది.

ఈ కారణంగా అమేజ్ అందరికీ ఉత్తమమని, డిజైర్ తక్కువదని భావించరాదు. రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే టాక్సీ డ్రైవరు ఇదే లెక్క వేస్తే, మిగిలే ప్రతి లీటరూ అతని పిల్లల చదువు. అతనికి డిజైరే సరైన సమాధానం కావచ్చు. ప్రశ్న మారినపుడు సమాధానం మారడంలో వింత లేదు. ఎదుటివారి సమాధానాన్ని చూసి రాసుకోవడం పరీక్షలోనే కాదు, జీవితంలోనూ తప్పే.

మాస్టారి ఎంపిక కూడా లోపం లేనిది కాదు. సీటు ఆమె మోకాలి ఎత్తు కంటే కొంచెం పల్లం. అందుకు ఆయన గట్టి దూదిమెత్త ఒకటి కుట్టించారు. తొలిసారి గుంటూరు నుంచి తిరిగి వస్తున్నపుడు ఆమె ఆ మెత్తపైనే ఒరిగి నిద్రపోయింది. ఇంటి ముందు బండి ఆగినపుడు కళ్లు తెరచి, "ఏమండీ, అప్పుడే వచ్చేశామా?" అని అడిగింది. మాస్టారు సమాధానం చెప్పకుండా దిగి, కుర్చీ తీయడానికి డిక్కీ వైపు నడిచారు.