తెరచాప పడవలో కాకినాడకు

పిల్లలూ! మీరు రైలెక్కి ఉంటారు, బస్సెక్కి ఉంటారు. కొందరు విమానం కూడా ఎక్కి ఉంటారు. కాని బియ్యం బస్తాల మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ, కాలువ మీద ప్రయాణం చేశారా? నేను చేశాను. అది 1969 వేసవి. అప్పుడు నాకు పదేళ్ళు.

మా మామయ్య ధవళేశ్వరంలో బియ్యం వ్యాపారం చేసేవాడు. అప్పటికే లారీలు వచ్చాయి. అయినా కొంత సరుకు ఇంకా పడవల మీదనే కాకినాడకు వెళ్ళేది. పడవ నిదానమే, కాని బాడుగ తక్కువ. పరీక్షలు కాగానే నేను మామయ్య వెంటపడ్డాను. అమ్మ మొదట ఒప్పుకోలేదు. చివరకు, "ఒరే తమ్ముడూ, వాణ్ణి ఎట్లా తీసుకువెళ్తున్నావో అట్లాగే తీసుకురా!" అని పంపింది.

ఈ ప్రయాణంలో ఒక తొందర ఉన్నది. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అంటే, గోదావరి నుంచి కాలువలోకి నీరు వదలరు. నీరు తీసేలోగా కాకినాడ చేరకపోతే పడవ దారిలోనే బురదలో కూర్చుంటుంది. మళ్ళీ నీరు వదిలేదాకా కదలదు. సరుకు ఎక్కించడం ఆలస్యమై, మేము బయలుదేరేనాటికి మూడే రోజులు మిగిలాయి. దారి కూడా మూడు రోజులే!

ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. కట్టించినవాడు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు. పొలాలకు నీరు పారడం ఎంత ముఖ్యమో, అదే కాలువల మీద పడవలు నడవడం కూడా అంత ముఖ్యమని ఆయన వాదించేవాడు. మీరు ఇప్పుడు అక్కడ చూసే బారేజి వేరు. అది 1982లో పూర్తయింది. నేను చెబుతున్నది పాత ఆనకట్ట నాటి సంగతి.

పడవలో ముసలి సరంగు, ఆయన కొడుకులిద్దరు, నా యీడు మనుమడొకడు ఉన్నారు. ఉదయం గాలి లేదు. కొడుకులిద్దరూ గట్టెక్కి, పొడుగాటి తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి పడవను లాగుతూ నడిచారు. ఆ తాడు రెండో కొస పడవ ముక్కుకు కాక, తెరచాప కొయ్యకు పైన కట్టి ఉన్నది. నాకు వింతగా తోచి, ఎందుకని అడిగాను. "క్రింద కడితే గట్టు మీది తుప్పలన్నీ పట్టుకుంటాయి బాబూ. పైన కడితే వాటి మీదుగా పోతుంది," అన్నాడు సరంగు.

మధ్యాహ్నానికి కడియం లాకు దగ్గరకు వచ్చాం. లాకంటే ఏమిటో చెబుతాను. కాలువ సముద్రం వైపు దిగుతూ పోతుంది. ఒకే వాలుగా వదిలేస్తే నీరు ఉరకలు వేస్తుంది, ఎదురు వచ్చే పడవ ముందుకు సాగదు. అందుకని కాలువను మెట్లు మెట్లుగా కట్టి, మెట్టు దగ్గర లాకు పెట్టారు. లాకు ఒక పెద్ద రాతి తొట్టి. దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. దిగువకు పోయే పడవ తొట్టిలోకి రాగానే ఎగువ తలుపులు మూసేస్తారు. దిగువ తలుపులకున్న తూములు ఎత్తుతారు. తొట్టిలో నీరు తగ్గి, అవతలి మట్టానికి సమానం అవుతుంది. అప్పుడు తలుపులు తెరుస్తారు. మట్టాలు సమానం కాకముందు ఏనుగును కట్టి లాగినా తలుపు రాదు! పైగా ఆ రెండు రెక్కలూ మూసుకున్నప్పుడు తిన్నగా ఉండవు, ఎగువ నీటి వైపు కోణంగా పొడుచుకుని ఉంటాయి. నీరు ఎంత నెడితే అంత బిగుసుకుంటాయి. బడిలో నీటి ఒత్తిడి పాఠం వచ్చినప్పుడల్లా నేను బల్ల మీద ఈ తలుపుల బొమ్మే వేసేవాణ్ణి.

మామయ్య సుంకం కట్టడానికి లాకు ఆఫీసుకు వెళ్ళాడు. పడవ ఇటూ అటూ కొట్టుకోకుండా ముందు తాడు మనుమడు పట్టుకున్నాడు. నేను బతిమాలితే వెనుక తాడు నాకిచ్చారు. అది గట్టు మీద లాగే తాడే. దాన్ని రాతి గుంజకు ఒక చుట్టు చుట్టి కొస పట్టుకోమన్నారు. నేను తెలివికి పోయి, రెండు ముళ్ళు గట్టిగా వేసి, చేతులు దులుపుకుని, తలుపుల వైపు చూస్తూ నిలబడ్డాను.

నీరు దిగసాగింది. పడవ ముందు భాగం నీటితోపాటు దిగింది. వెనుక భాగం దిగలేదు! పడవ ఒరిగింది. ఒక బస్తా దొర్లి నీళ్ళలో పడింది. "నువ్వు కట్టేశావేటి!" అని మనుమడు కేకపెట్టాడు. తాడు ఇనుపకడ్డీలా బిగిసి ఉన్నది. ముడి విప్పబోయాను, రాలేదు. సరంగు కత్తి తీసి ఒక్క వేటు వేశాడు. తాడు రెండు ముక్కలైంది. పడవ దభాలున నీటి మీద పడి, ఊగి, నిలిచింది.

ముసలాయన నన్ను తిట్టలేదు. "లాకులో తాడు కట్టకూడదు బాబూ. పట్టుకోవాలి. నీరు దిగుతుంటే వదులుతూ పోవాలి," అన్నాడు. మామయ్య పరుగున వచ్చి ఏమయిందని అడిగితే, "తాడు బిగుసుకుందండి, కోసేశాను," అన్నాడు. ఎవరు కట్టారో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తాడు పొట్టిదైపోయింది. అది లేనిదే పడవ కదలదు. ముడి వేస్తే తాడు బలం తగ్గుతుంది, తుప్పలకు తగులుకుంటుంది. అందుకని ఆ రాత్రి లాంతరు ముందు కూర్చుని అతికారు. రెండు కొసల్లోనూ మూడేసి పురులు విప్పి, ఎదురెదురుగా పెట్టి, ఒక తాడు పురిని రెండో తాడు పురుల క్రిందుగా దూర్చి లాగడం, మళ్ళీ దూర్చడం. కొబ్బరినార చేతులు కోసుకుపోయేటట్లుంటుంది. మనుమడు ఒక పురి, నేను ఒక పురి దూర్చాం. సగం రోజు అక్కడే పోయింది.

మర్నాడు ద్వారపూడి దాటాక దక్షిణపు గాలి లేచింది. తెరచాప ఎత్తారు. అతుకులు వేసిన ఆ పాత గుడ్డ ఒక్కసారి బుస్సున పొంగితే చూడాలి! తాడు లాగేవాళ్ళు గట్టు దిగి పడవెక్కేశారు. అంత బరువు పడవ, చప్పుడు లేకుండా కొబ్బరిచెట్ల నీడలు దాటుకుంటూ పోతున్నది. వంతెన వస్తే తెరచాప దింపి, కొయ్య వాల్చి, అవతల మళ్ళీ ఎత్తేవారు. మనుమడు నాకు చుక్కాని పట్టడం నేర్పాడు. ఎడమకు పోవాలంటే పిడి కుడికి తొయ్యాలి. ఇది అలవాటయ్యే లోపల రెండుసార్లు గట్టుకు గుద్దాను.

మూడో రోజు లేచి చూసేసరికి గట్టున జానెడు తడి చార కనిపించింది. నీరు తీస్తున్నది! సాయంత్రానికి పడవ అడుగు అక్కడక్కడా బురదకు రాసుకున్నది. అందరూ గెడలు వేసి తోశారు. దీపాలు పెట్టేవేళకు కాకినాడ చేరాం. మర్నాడు చూస్తే ఓడలు ఎంతో దూరాన లంగరు వేసి ఉన్నాయి. ఒడ్డున సముద్రం లోతు తక్కువ గనుక సరుకును చిన్న పడవల మీద వాటి దగ్గరకు చేర్చేవారు. ఓడలు ఒడ్డుకే వచ్చే లోతైన రేవు 1997లో గాని రాలేదు.

మామయ్య బాడుగ లెక్క చూస్తూ, నీళ్ళలో పడిన బస్తా ఖరీదు తగ్గించాడు. సరంగు తల ఊపాడే గాని మాట్లాడలేదు. ఇక రెండు నెలలు ఆయనకు బాడుగ ఉండదు. పడవ సందుల్లో దూది కూరి, గుగ్గిలం పూసుకుంటూ కూర్చోవాలి. మనుమడు నా వైపు చూశాడు.

"మామయ్యా, తాడు కట్టింది నేను," అన్నాను.

మామయ్య నన్ను చూశాడు, సరంగును చూశాడు. తగ్గించిన డబ్బు తిరిగి ఇచ్చాడు. కొత్త తాడుకని ఇంకొంత కలిపాడు. తరువాత నన్ను తీసుకుని స్టేషనుకు నడిచాడు. సామర్లకోట వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ రైలు మారాక, వేయించిన వేరుశనగకాయల పొట్లం ఒకటి కొని నా చేతిలో పెట్టాడు.