ముందు వరుస విశాలం, వెనక వరుస ఇరుకు

షాదీపూర్ వాసులు ప్రధాన భూభాగానికి రావాలంటే దారులు రెండే: ఓడ, విమానం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ పేటకు తరగతుల తేడా ఓడే నేర్పింది. చెన్నైకైనా విశాఖకైనా దాదాపు మూడు రోజుల ప్రయాణం. ఉన్నవారికి డీలక్స్ క్యాబిన్, లేనివారికి బంక్. చెన్నై విమానం రెండు గంటల చిల్లరలో దిగిపోతుంది. ఆ కాస్తకు ఎంత సీటు కావాలి?

యూరప్‌లో చాలా సంస్థలు తేలిక దారి పట్టాయి. దగ్గరి దూరాలకు బిజినెస్ క్లాస్‌లోనూ ఎకానమీ సీటే. మధ్యది ఖాళీగా వదిలేస్తారు. టికెట్ల గిరాకీని బట్టి తెరను ముందుకో వెనక్కో జరుపుతారు. మన సంస్థలది వేరే లెక్క. ఎయిర్ ఇండియా మూడు తరగతులుగా మార్చిన ఎ320 నియోలో బిజినెస్ సీట్లు 8, వరుసకు నాలుగే, వరుసల మధ్య ఎడం 40 అంగుళాలు. ఎకానమీలో వరుసకు ఆరు, ఎడం 28-29 అంగుళాలు. మొత్తం 164 సీట్లు. ఒకే తరగతైతే ఆ విమానంలోనే 180 పడతాయి.

హాయి నిజమే, దాని ఖరీదూ నిజమే. రోగిని చెన్నై ఆస్పత్రికి తీసుకెళ్లే దీవివాసికి ముందు టికెట్ దొరకాలి; కాళ్లు చాపుకోవడం తర్వాతి మాట. తెరను జరపొచ్చు. బిగించిన సీటును జరపలేరు.