యువారీ దారిలో పాత సుజుకీ

నార్త్ కరోలినాలోని క్యారీలో చాపెల్ హిల్ రోడ్డు మీద ఉన్న వేంకటేశ్వరస్వామి గుడికి కొత్త కార్లు పూజకు వస్తుంటాయి. ఆ శనివారం పొద్దున వాటి పక్కన నా పాత సుజుకీ కూడా నిలబడింది. 2022లో ప్రారంభమైన 87 అడుగుల గోపురాన్ని తలెత్తి చూసి, బాబాయ్ గారు బండి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. "కొత్త బండికి పూజ సరే నాయనా. విప్పి మళ్లీ కట్టిన బండికే ఇంకా అవసరం," అన్నారు.

ఆయన నాకు చుట్టం కాదు. మా వెనక వీధిలో ఉండే కొడుకింటికి వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో దశాబ్దాల పాటు పానా పట్టిన మనిషి. ఇక్కడ కాలక్షేపం లేక సాయంత్రాలు నడకకు వెళుతూ మా గరాజు తలుపు తెరిచి ఉండడం చూశారు. నేల మీద ముక్కలుగా ఉన్న బండిని చూశాక ఆయన నడక అక్కడితో ఆగిపోయింది.

బండి డీఆర్ 650. రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే రకం, దీన్ని ఇక్కడ డ్యూయల్ స్పోర్ట్ అంటారు. ఒకే సిలిండరు, 644 సీసీ, కార్బొరేటరు, రేడియేటరు లేని ఇంజను. 1996లో వచ్చిన ఈ రూపాన్ని ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్దగా మార్చకుండానే అమ్మారు. అందుకే సామాను ఇప్పటికీ దొరుకుతుంది. దొరకనిది చేసిపెట్టే మనిషి. పాత బండి అనగానే చాలా వర్క్‌షాపులు తీసుకోం అంటాయి, తీసుకునేవాళ్ల కూలీ గంటకు వంద డాలర్లు దాటుతుంది. చేతులకు గ్రీజు అంటించుకోవడం ఒక్కటే మిగిలిన దారి. నాకు అదే ఇష్టమైన దారి కూడా.

మేం వెళ్లాల్సింది పడమరన ఉన్న యువారీ అడవికి. హైవే మీద రెండు గంటలు చాలు. నేను మాత్రం పొద్దుటిపూటంతా ఆ దారికే ఇచ్చాను. బిగించిన ప్రతి భాగమూ ఎలా పనిచేస్తుందో గరాజులో తెలియదు, దారే చెప్పాలి. బాబాయ్ గారు కొడుకు కారులో వెనకే వచ్చారు. కారులో పులిహోర, నీళ్లు, నా పనిముట్ల సంచి.

యూఎస్ 64 ఎక్కి వేగం అందుకోగానే చక్రాల బేరింగుల కోసం చెవులు రిక్కించాను. పాతవి అరిగి, ముందు చక్రం నుంచి సన్నని హోరు వచ్చేది. వాటిని మార్చిన రోజు బాబాయ్ గారు కొత్త బేరింగులను మా ఫ్రీజర్లో మునక్కాయ ముక్కల పక్కన పెట్టించారు. చల్లబడిన బేరింగు పిసరంత ముడుచుకుంటుంది, హీట్ గన్‌తో వేడి చేసిన హబ్బు పిసరంత సాగుతుంది. అప్పుడు సుత్తి దెబ్బ తేలిగ్గా పడినా చాలు. ఆ దెబ్బ కూడా బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ బలం గోళీల మీదుగా పోయి, కొత్త బేరింగు పుట్టగానే పాతదవుతుంది. జోర్డాన్ లేక్ వంతెనల మీద ఎదురుగాలి తప్ప వేరే హోరు లేదు. 1980ల మొదట్లో నిండిన ఈ జలాశయం చుట్టూ బట్టతల గద్దలు గూళ్లు కట్టుకుంటాయి. ఒకటి కనిపించింది. అయినా నా ధ్యాసంతా చక్రం మీదే.

పిట్స్‌బరో దగ్గర బైపాస్ వదిలి ఊళ్లోకి తిరిగాం. నడిబొడ్డున 1881 నాటి కోర్టు భవనం, దాని చుట్టూ గుండ్రంగా రోడ్డు. 2010లో మంటల్లో కాలితే ఆ ఊరివాళ్లు కూల్చేయలేదు. మిగిలిన గోడలను నిలబెట్టుకుని మళ్లీ కట్టుకున్నారు. అలాంటి ఊరి మీద నాకు గౌరవం. నెమ్మదిగా ఆ గుండ్రం చుట్టూ తిరగడమే హ్యాండిల్ కోన్ సెట్టుకు పరీక్ష. పాతదానికి నడిమధ్యలో గుంటలు పడి, హ్యాండిల్ తిప్పుతుంటే తిన్నగా వచ్చిన చోట టక్కున ఆగేది. మెల్లగా వెళ్లేటప్పుడు బండి అటూ ఇటూ తూలేది. ఇప్పుడు నీళ్లలో తెడ్డు తిరిగినట్టు తిరిగింది. ఆనందం పట్టలేక ఇంకో చుట్టు వేశాను.

సైలర్ సిటీ, రామ్‌సర్ దాటి ఆషెబరోలో టీ కోసం ఆగాం. దిగగానే బాబాయ్ గారు అరచేతిని హబ్బు మీద పెట్టారు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగో బ్రేకో పట్టేస్తోందని లెక్క. తర్వాత చైను. వెనక పళ్ల చక్రం మీద చైనును వెనక్కి లాగి చూడాలి. సగం పన్నుకు మించి బయటపడితే చైను సాగిపోయినట్టే. మా పాత స్ప్రాకెట్ పళ్లు అరిగి కొక్కేల్లా వంగి ఉండేవి. చైను ఒక్కటే మారిస్తే ఆ కొక్కేలు కొత్త చైనును తొందరగా తినేస్తాయి, అందుకే ముందు 15 పళ్లదీ వెనక 42 పళ్లదీ చైనుతో పాటే మార్చాం. హబ్బులోని రబ్బర్లు కూడా. అవి గట్టిపడి కుంచించుకుపోతే యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా నడుము మీద తన్నినట్టు ఉంటుంది.

ఎన్‌సీ 49 మీదుగా వెళ్లి, 109 పట్టుకుని దక్షిణానికి తిరిగాక పైన్ చెట్లు మొదలయ్యాయి. యువారీలు కొండలంటే కొండలే, ఎత్తు వెయ్యి అడుగులకు అటూఇటూ. దాదాపు యాభై కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వతాలు అరిగి అరిగి మిగిలిన వెన్నెముకలివి. 1961లో జాతీయ అడవిగా ప్రకటించిన ఈ నేల యాభై వేల ఎకరాల పైచిలుకు. ఎల్డొరాడో అని ఒక పల్లె తగిలింది. ఈ చుట్టుపక్కల బంగారం తవ్విన కాలం పేరులో మిగిలింది.

ఇక్కడి ఎర్రమట్టి నా చిన్నప్పటి మట్టే. కంకర దారి మొదలవగానే నిలబడి నడిపాను. బండి మట్టిలో బతికేది నిలబడ్డప్పుడే. మోకాళ్లు గుంతలను మింగుతాయి, చేతులు వదులుగా ఉంటాయి, అరిపాదాలకు ఇంజను చెప్పేది వినిపిస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో ఒకప్పుడు టపటపలు వచ్చేవి. ఇక్కడి పెట్రోలులో పదో వంతు ఇథనాల్. చలికాలమంతా కదలకుండా నిలబెడితే అది కార్బొరేటర్లో జిగురుగా మారి పైలట్ జెట్టు రంధ్రాన్ని మూసేస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి కార్బొరేటర్ గిన్నె మరలు విప్పేటప్పుడే బాబాయ్ గారు నా స్క్రూడ్రైవర్ లాగేసుకున్నారు. జపాన్ మరల ప్లస్ గాడి కొలత వేరు, మామూలు ఫిలిప్స్ పెడితే జారి గాడి చెడుతుంది. జేఐఎస్ అని రాసి ఉన్నదాన్ని తెప్పించాకే మర ముట్టుకోనిచ్చారు.

యువారీ నది మీద లో వాటర్ బ్రిడ్జి అని ఒక చప్టా ఉంది. నీటిమట్టానికి కాస్త పైన కాంక్రీటు పలక, అంతే. బ్రేకు పట్టి చూశాను, ఆగింది. ఇంజనును తీరిగ్గా తిరగనిచ్చి ఇద్దరం విన్నాం. ట్యాపెట్లు సన్నగా టిక్కుటిక్కుమంటున్నాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలిచి పెట్టిన సందు అది, వెంట్రుకంత. "ఆ చప్పుడు ఉండనీ," అన్నారాయన. "చప్పుడు చేసే ట్యాపెట్ నిన్ను చికాకు పెడుతుంది, అంతే. చప్పుడే లేనిది వాల్వును కాలుస్తుంది." సందు పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోదు, మండే గాలి దాని అంచును తినేస్తుంది. ఈ మాట పుస్తకంలోనూ ఉంది. కానీ ఏళ్ల తరబడి కాలిన వాల్వులు చేతిలో పట్టుకున్న మనిషి నోట వింటే అది వేరే జ్ఞానం.

పులిహోర తిన్నది బేడిన్ లేక్ ఒడ్డున. 1917లో యాడ్కిన్ నదికి అడ్డుకట్ట వేసి అల్యూమినియం కర్మాగారం కోసం చేసిన చెరువు. అక్కడ బండి చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేశాను. స్పోకులను స్పానర్‌తో తట్టి చూస్తే అన్నీ ఒకే స్వరం. కుడి ఫోర్కు మీద మాత్రం సన్నని నూనె గీత, దానికి ఎర్రదుమ్ము అంటుకుని. ఆయిల్ సీలు అలసిపోయింది.

బాబాయ్ గారు ఆ గీతను వేలితో తుడిచి, వేళ్ల మధ్య రుద్ది చూశారు.

"రెండువైపులా మార్చాలి నాయనా. ఒక్కటే మారిస్తే రెండోది నెల తిరక్కుండా కారుతుంది. ఇవాళే ఆర్డరు పెట్టు. సంక్రాంతికి నేను ఊళ్లో ఉండాలి, ఈలోపు అయిపోవాలి."

ట్రాయ్ వచ్చి ఫోన్‌కు సిగ్నల్ తగలగానే రోడ్డు పక్కన ఆగి సీళ్లు, ఫోర్కు ఆయిల్ ఆర్డరు చేశాను. ఆ తర్వాతే శాన్‌ఫర్డ్ మీదుగా క్యారీ దారి పట్టాం.