ఎన్ని? ఎందరు?

ఉద్యోగరీత్యా ఆంధ్రదేశం విడిచి ఢిల్లీ మహానగరంలో స్థిరపడిన మాబోటి వారికి మూడు భాషలతో నిత్య సహవాసం తప్పదు. ఇంట తెలుగు, బజారున హిందీ, కార్యాలయంలో ఇంగ్లీషు. కొత్త పదాలు పట్టుబడటం అంత కష్టమేమీ కాదు. చిక్కంతా లెక్క దగ్గర వస్తుంది. ఒక సమూహాన్ని ఒకటిగా చూడాలా, అనేకంగా చూడాలా అన్న విషయంలో ఈ మూడు భాషలూ మూడు దారులు తొక్కుతాయి. మన నోట్లూ, డ్రాఫ్టులూ, మన పిల్లల మాటలూ ఆ కూడలిలోనే తడబడుతూ ఉంటాయి.

ముందుగా కార్యాలయం సంగతి చూద్దాము. "ది కమిటీ హాజ్ డిసైడెడ్" అనాలా, "హావ్ డిసైడెడ్" అనాలా అన్న చర్చ మా సెక్షనులో ఎన్ని టీ కప్పులు ఖాళీ చేయించిందో చెప్పలేము. అమెరికావారికి ఈ బెడద లేదు. వారు దాదాపు ఎప్పుడూ ఏకవచనమే వాడతారు. ఇంగ్లండువారు సందర్భం చూస్తారు. కమిటీ ఒక్కమాటగా నిర్ణయం చేస్తే దానిని ఒకే వ్యక్తిగా భావించి ఏకవచనం. సభ్యులు తమలో తాము వాదులాడుకుంటుంటే విడివిడి మనుషులుగా భావించి బహువచనం. క్రికెట్ వ్యాఖ్యానం వినే అలవాటున్న వారికి ఇది పరిచితమే. "ఇండియా ఆర్ బ్యాటింగ్" అని ఆంగ్ల వ్యాఖ్యాత అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది దేశం కాదు, జట్టులోని ఆటగాళ్ళు.

ఉమ్మడి రాష్ట్రపు జి.ఓ.లు చదివినవారు మరొక విశేషం గమనించే ఉంటారు. అక్కడ ప్రభుత్వం బహువచనంలోనే మాట్లాడుతుంది. "గవర్నమెంట్ హియర్‌బై ఆర్డర్" అంటుందే గాని "ఆర్డర్స్" అనదు. రాష్ట్రం నుంచి డెప్యుటేషన్‌పై వచ్చిన మిత్రుడొకరు ఆ అలవాటు కొద్దీ "గవర్నమెంట్ హావ్" అని రాస్తే, ఇక్కడి పై అధికారి ఎర్రసిరాతో "హాజ్" అని దిద్దారు. మిత్రుడు నొచ్చుకున్నారు. మా దృష్టిలో ఇద్దరిదీ ఒప్పే. ఒకే నోట్‌లో మొదటి పేరాలో ఒకటి, మూడో పేరాలో మరొకటి రాకుండా ఉంటే చాలును.

"నంబర్" అన్న మాట ఇంతకన్న తమాషా అయినది. "ఎ నంబర్ ఆఫ్ ఎంప్లాయీస్" అంటే క్రియ బహువచనం. "ది నంబర్ ఆఫ్ ఎంప్లాయీస్" అంటే ఏకవచనం. ముందున్న చిన్న మాట మారితే వాక్యమంతా మారిపోతుంది. దీనికి వ్యాకరణ గ్రంథాలు తిరగవేయనక్కరలేదు. తెలుగులో అనుకుని చూస్తే తేలిపోతుంది. "చాలామంది ఉద్యోగులు వచ్చారు" అని మనసుకు తోస్తే అది మొదటి రకం; "ఉద్యోగుల సంఖ్య పెరిగింది" అని తోస్తే రెండవది. మొదటి దానిలో కదిలేది మనుషులు, రెండవ దానిలో కదిలేది అంకె. అలాగే దూరమూ, సొమ్మూ, కాలమూ ఒక ముద్దగా కనబడితే ఇంగ్లీషువారు ఏకవచనం వేస్తారు: "టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వే." మన భాషలో "పది కిలోమీటర్లు చాలా దూరం" అంటే సరి, క్రియే లేదు కనుక పేచీ లేదు.

ఇక స్టోర్స్ విభాగానికి వెళ్ళే ఇండెంట్లలో "ఫర్నిచర్స్", "ఎక్విప్‌మెంట్స్", ప్రయాణ భత్యపు బిల్లులలో "లగేజెస్" తరచు దర్శనమిస్తాయి. ఇంగ్లీషులో ఇవి ఒక్కొక్క వస్తువు పేర్లు కావు, ఒక జాతి మొత్తానికి పేర్లు. అందుకే కుర్చీలను లెక్కపెట్టవచ్చును గాని ఫర్నిచర్‌ను లెక్కపెట్టకూడదు; "ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్" అని ముక్క చేసుకున్న తరువాతనే లెక్క. ఇది విడ్డూరంగా తోస్తుంది గాని మన విడ్డూరాలు మనకూ ఉన్నాయి. ఎవరూ లెక్కపెట్టలేని నీళ్ళను, పాలను మనం బహువచనంలో అంటాము. వీటిని నిత్యబహువచనాలు అంటారు. పాలు పొంగాయి, నీళ్ళు వచ్చాయి. హిందీలో పానీ ఏకవచనం, ఇంగ్లీషులో వాటర్ ఏకవచనం. ఆ రెంటి నడుమ పెరిగిన మా అమ్మాయి తెల్లవారుజామున కొళాయి శబ్దం విని "అమ్మా, నీళ్ళు వచ్చింది" అని కేక వేసేది. మా శ్రీమతి ముందు వాక్యాన్ని సరిదిద్ది, ఆ తరువాతనే బకెట్టు పెట్టేది.

పిల్లల ప్రస్తావన వచ్చింది కనుక వారి పాఠ్యపుస్తకాల సంగతీ చెప్పాలి. హంసజాతి బాతులు కొన్ని చేరితే "గాగుల్", సింహాలు చేరితే "ప్రైడ్" అని పేజీల కొద్దీ బట్టీ పట్టిస్తారు. వీటిలో చాలా మాటలు 1486లో ఇంగ్లండులో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అనే వేట, డేగల పెంపకం తదితర విషయాల గ్రంథంలో కనిపిస్తాయి. ఆ జాబితాలో న్యాయమూర్తుల సమూహాన్ని "సెంటెన్స్" అనీ, న్యాయవాదుల సమూహాన్ని "ఎలొక్వెన్స్" అనీ చమత్కరించారు. కులీనుల వినోదం కోసం కూర్చిన ఆ మాటలు అయిదు శతాబ్దాలు దాటి మన పిల్లల పరీక్షలలో మార్కులుగా మారాయి. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు నిత్యవ్యవహారంలో "ఎ లాట్ ఆఫ్", "ఎ బంచ్ ఆఫ్", "ఎ గ్రూప్ ఆఫ్" వంటి నాలుగు మాటలతోనే కాలక్షేపం చేస్తారు.

తెలుగులో ఇటువంటి మాటలు వినోదానికి పుట్టినవి కావు. ఆవుల మంద, చీమల బారు, అరటి గెల, ద్రాక్ష గుత్తి, గడ్డి మోపు, తమలపాకుల కట్ట, ఇవి పనిలోంచి వచ్చినవి. కొలతలైతే మన దేహంలోంచే వచ్చాయి: చిటికెడు ఉప్పు, పిడికెడు అటుకులు, దోసెడు బియ్యం, గుక్కెడు నీళ్ళు, మూరెడు పూలు. ఈ ఒక్క చోట ఇంగ్లీషువారు మనకు చుట్టాలే. "పించ్", "హాండ్‌ఫుల్", "మౌత్‌ఫుల్" అన్నవి అదే ఆలోచన. మా అమ్మగారు ఊరినుంచి వచ్చిన కొత్తలో, తోపుడుబండి అబ్బాయి కొత్తిమీర కట్టను "ధనియా కీ గడ్డీ" అంటే, "మనకు గడ్డి ఎందుకురా, పశువులున్నాయా?" అని అతణ్ణి తెలుగులోనే మందలించారు. కట్టను హిందీలో గడ్డీ అంటారని చెప్పినా ఆవిడకు ఆ మాట మీద గౌరవం కలగలేదు.

ఇంతకూ మేము ముఖ్యంగా చెప్పదలచినది మనుషుల లెక్క. ఇంగ్లీషులో త్రీ చెయిర్స్, త్రీ క్లర్క్స్. హిందీలో తీన్ కుర్సియాఁ, తీన్ క్లర్క్. వస్తువుకూ మనిషికీ అంకె ఒకటే. తెలుగు అందుకు సమ్మతించదు. కుర్చీలు మూడు, గుమాస్తాలు ముగ్గురు. బల్లలు ఎనిమిది, మనుషులు ఎనిమిదిమంది. పైగా, లెక్కలో మనమూ చేరితే ఆ అంకె మనతో కలిసిపోతుంది: ముగ్గురము, పదిమందిమి. ఇంగ్లీషులో "త్రీ ఆఫ్ అజ్" అంటే మొత్తం ముగ్గురమేనా, మాలో ముగ్గురు మాత్రమేనా అన్నది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగులో ముగ్గురము వేరు, మాలో ముగ్గురు వేరు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు "నాకు రెండు అక్కలు" అంటుంటే నవ్వి ఊరుకునే తల్లిదండ్రులను చూస్తే మాకు మనసు చివుక్కుమంటుంది.

మన కార్యాలయాల ఇంగ్లీషులో ఇంకొక అలవాటు స్థిరపడిపోయింది. వస్తువుల పక్కన "నంబర్స్" అని పొట్టి అక్షరాలలో వేసేవారు, క్రమంగా మనుషుల పక్కనా వేయసాగారు. కుర్చీలు ఇన్ని నంబర్స్, సహాయకులు ఇన్ని నంబర్స్. 1988 అక్టోబరులో ప్రభుత్వరంగ సంస్థలకు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చిన తరువాతి సంవత్సరాలలో ఇటువంటి జాబితాలు చాలా తయారయ్యాయి. ఢిల్లీ శివారులోని ఒక యూనిట్‌లో అప్పట్లో మేము పనిచేశాము. అక్కడి ఒక జాబితాలో మూలపడిన యంత్రాల వరుస కిందనే "సర్‌ప్లస్ మ్యాన్‌పవర్, ఎలెవెన్ నంబర్స్" అని టైపు చేసి ఉంది.

శ్రీకాకుళం వైపునుంచి వచ్చి అక్కడ పాతికేళ్ళుగా పనిచేస్తున్న అటెండరు ఒకాయన ఆ కాగితం తెచ్చి, "ఇందులో మేమెక్కడున్నాం బాబూ?" అని అడిగారు. ఆ వరుస చూపించాము. పేర్లు లేవు. ఆయన కాసేపు చూసి, "మేము పదకొండుమందిమి" అన్నారు. ఆ మాటనే ఒక అర్జీగా రాసిపెట్టమన్నారు. "దేర్ ఆర్ ఎలెవెన్ ఆఫ్ అజ్" అని మొదలుపెట్టి, పదకొండు పేర్లూ, ఎవరెవరు ఎన్నేళ్ళు పనిచేసినదీ రాశాము. అందరూ సంతకాలు చేశారు. ఇద్దరు వేలిముద్రలు వేశారు.

సవరించిన జాబితా పది రోజుల తరువాత వచ్చింది. అంకె మారలేదు. "నంబర్స్" స్థానంలో "ఎంప్లాయీస్" అని చేరి, దానికింద పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. వారిలో ఏడుగురు ఆ సంవత్సరమే పథకం కింద విరమణ తీసుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. నలుగురిని వేరే విభాగానికి మార్చారు. అటెండరుగారు ఆ నలుగురిలో ఉన్నారు.