దడి

"పాపని ఎక్కడెక్కడ తిప్పావు?"

2023 ఆగస్టులో, ఆరేళ్ల పాపని జ్వరంతో ఆస్పత్రిలో చేర్చిన రాత్రి మా అక్కని ముగ్గురు అడిగారు ఈ మాట. ఊరి నుంచి మా అమ్మ ఫోన్లో, బావ వరండాలో, డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కేస్ షీట్ రాసుకుంటూ. నేను మాస్కు పెట్టుకుని మెట్ల దగ్గర నించున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

పాపకి లుకేమియా. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకమే, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఈ వైద్యం నెలల్లో తేలేది కాదు, రెండు మూడేళ్లు సాగుతుంది. కష్టమైన దశలన్నీ దాటి అప్పటికి మెయింటెనెన్స్ అనే ఆఖరి దశలో ఉంది. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. జుట్టు మళ్లీ వచ్చింది. చూసినవాళ్లంతా "తగ్గిపోయిందిగా" అనేవాళ్లు. తగ్గడం వేరు, రోగాన్ని ఎదిరించే కణాలు ఒంట్లో ఉండడం వేరు. అవి పడిపోయే పిల్లకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఓ పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవడానికి లేదు. అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. అక్క ఇంట్లో తలుపు పక్కన ఒక సంచి ఎప్పుడూ సర్ది ఉండేది.

వానలతో పాటు మన దగ్గర ఫ్లూ కూడా పెరుగుతుంది కనక, ఆ ఏడు జూన్‌లో డాక్టరమ్మ ఫ్లూ టీకా రాసింది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. ముక్కులో కొట్టే రకం టీకా బతికున్న వైరస్‌తో చేసింది, కీమో పిల్లలకి అది పనికిరాదు, సూది మందే వేయాలి. అదే చీటీ అడుగున ఇంకో వాక్యం ఉంది: ఇంట్లో అందరూ వేయించుకోవాలి. ఎందుకో కూడా ఆవిడ ఓపిగ్గా చెప్పింది. టీకాకి స్పందించాల్సిన కణాల్నే కీమో మందులు అణిచిపెడతాయి. అందుకని పాపకి అది పూర్తిగా పట్టదు, పట్టినంతే లాభం. మిగతా రక్షణ చుట్టూ ఉన్న మనుషుల్లోంచి రావాలి. లేత మొక్కకి దడి కట్టినట్టు.

వైరస్ రూపు మార్చుకుంటుంది కనక ఈ టీకా ఏటా కొత్తగా వేయించుకోవాలి. ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. మందుల షాపులో మనిషికి వెయ్యి దాటింది. అక్క తనకీ, ఇంట్లో పనిచేసే ఆమెకీ కూడా వేయించింది. "నాకెందుకమ్మా అంత ఖరీదుది" అని ఆమె మొహమాటపడితే, "పాప గది తుడిచేది నువ్వే కదా" అంది. మామగారు ఈ వయసులో తనకెందుకన్నారు (ఆ వయసువాళ్లకే ఇది మరీ అవసరం). బావ "నేను గట్టిగానే ఉన్నాను" అన్నాడు. ఇది నీ కోసం కాదు అని అక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. మగవాళ్లకి ఒళ్లు సొంత ఆస్తి లాంటిది కాబోలు. తమ ఒళ్లు ఇంకొకరికి జబ్బు చేరే దారి కూడా కావచ్చన్న ఊహే వాళ్లకి కొత్త.

ఇక నేను. వారంలో సెమినారుంది, ఇంజక్షన్‌తో ఒళ్లు నొప్పులొస్తే పేపరు పూర్తికాదని తర్వాత వేయించుకుంటానన్నాను. సెమినారయ్యాక సెలవుల పని, ఆ తర్వాత ఇంకో సెమినారు. రెండోదాని పేపరు విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది: సాహిత్యంలో జబ్బు, స్త్రీల సేవ. ఇన్‌ఫ్లుయెంజా మీద నవలలెందుకు రాలేదని 1926లో వర్జీనియా వుల్ఫ్ అడగడంతో మొదలుపెట్టాను. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో నిరాలా భార్యని పోగొట్టుకుని, ఏళ్ల తర్వాత 'కుల్లీ భాట్'లో ఆ రోజుల గురించి రాయడాన్ని ప్రస్తావించాను. ఆ జబ్బుకి మన దేశంలో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువమంది పోయారనీ, తిండి చాలని ఆ ఒళ్లతోనే ఇంటిల్లిపాదికీ సేవ చేయాల్సిరావడం అందుకు ఒక కారణమనీ చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు.

తిరుగు రైల్లో గొంతు గరగరలాడింది. ఏసీ చలి అనుకున్నాను. స్టేషన్ నుంచి నేరుగా అక్క ఇంటికే వెళ్లాను. సెమినారులో ఇచ్చిన ఫైలు, పెన్ను తనకేనని పాప ఒళ్లో ఎక్కి కూచుంది. మూడో రోజు సాయంత్రం జ్వరం.

పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా ఏ అని తేలింది. ఒసెల్టామివిర్, నరం ద్వారా యాంటీబయాటిక్స్, పది రోజులు కీమో మాత్రలు బంద్. పాప తేరుకుంది. రెండు డోసులూ పడ్డాయి కనకే ఇంతటితో పోయిందేమో. నా నుంచే వచ్చిందేమో. రెండూ ఎవరూ రుజువు చేయలేని సంగతులే. ఆ రెండో 'ఏమో' చాటున నేను దాదాపు ఏడాది దాక్కున్నాను.

ఆ ఏడాదిలో అక్క పాపని స్కూలు మాన్పించింది. ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. జ్వరానికి నాలుగు రోజుల ముందు పాప ఏడిస్తే ఇంటి పక్క పార్కులో అరగంట ఆడించిందట. తప్పు అక్కడే జరిగిందని తనకి తనే తేల్చేసుకుంది. ఇంట్లోవాళ్లంతా ఒప్పుకున్నారు. తప్పు అమ్మ దగ్గర తేలితే ఇక ఎవరూ వెతకరు. నేనూ వెతకనివ్వలేదు. తల్లుల మీద మోపే నేరాల గురించి నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది.

2024 జూన్‌లో చెప్పాను. అక్క గ్లవ్స్ వేసుకుని పాప మాత్రని సగం చేస్తోంది. కాసేపు చేతులాగాయి.

"పార్కు కాదన్నమాట," అంది.

కాదేమోనన్నాను. మాత్ర సగం డబ్బాలో వేసి మూత పెట్టింది. గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తెరిచింది. లోపల ఆ ఏడాది టీకా అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఉంది. బావది, మామగారిది, పనిచేసే ఆమెది, నాది.

"సాయంత్రం నర్సు వస్తుంది, ఉండు," అంది. తలుపు మూస్తూ, "ఇప్పుడు చెప్పావే, ఆ మాట బావకి కూడా నువ్వే చెప్పు."