నింద తంబాకుది, తప్పు గొట్టానిది

మా ఇంట్లో కారు కొనడమంటే చిన్న సంగతి కాదు. అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. 2006లో కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు అందిన 10,000 ఇళ్ళలో, గోదూతాయి పరుళేకర్ పేరున్న కాలనీలో, మాకూ ఒక ఇల్లు దక్కింది. ఆ ఇంటి ముందు ఒక సెకండ్‌హ్యాండ్ కారు వచ్చి నిలిచిన రోజున కొబ్బరికాయ కొట్టింది అమ్మే.

రోజూ ఆఫీసుకు పోతూ ఆమెను బీడీ కార్ఖానా దగ్గర దింపేవాణ్ణి. చుట్టిన కట్టలు అప్పగించి, తునికాకు, తంబాకు తెచ్చుకునేది. ఆ సంచి వెనక సీటులో ఆమె పక్కనే ఉండేది.

వానాకాలం మొదలయ్యాక కారులో ఒక పాడు వాసన పట్టుకుంది. తలుపు తీస్తే చాలు, ముక్కు మూసుకోవలసిందే. ఎలుక చచ్చిందేమోనని సీట్ల కింద వెతికాను. పిల్లల టిఫిను డబ్బాలు చూశాను. వాన నీరు దిగుతోందేమోనని తలుపుల రబ్బర్లు తడిమాను. ఏమీ దొరకలేదు. అత్తరు సీసా వేలాడదీస్తే రెండు వాసనలూ కలిసి కడుపులో తిప్పింది.

ఒకనాడు పుణె నుంచి వచ్చిన చుట్టమొకాయన కారెక్కి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "బీడీల వాసన కదండీ!" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు అమ్మతో, "సంచి ఇక డిక్కీలో పెట్టుకో" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ మరుసటి రోజు నుంచి షేర్ ఆటోలో పోసాగింది. నేనూ ఆపలేదు. నా స్కూలు ఫీజులన్నీ ఆ తంబాకు సంచిలోంచే వచ్చాయని అప్పుడు గుర్తు రాలేదు.

పదిహేను రోజులు గడిచాయి. సంచి లేదు, అమ్మ లేదు. వాసన మాత్రం పెరిగింది!

ఆ ఆదివారం అందరం అక్కల్‌కోట స్వామి దర్శనానికి బయలుదేరాం. అమ్మ ఎక్కి కూర్చుని, రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది.

"ఇది నా తంబాకు కాదురా. దానిది ఎండు ఘాటు. ఇది తడి వాసన. నానేసిన ఆకును తడిగుడ్డల మరిచిపోతే గిట్లనే వస్తది. ఏడనో నీళ్ళు నిలిచినయి" అంది. కాసేపాగి, "మొదట్ల ఏసీ ఏసి ఆపితే కారు కింద బొట్లు బొట్లు కారుతుండె. ఇప్పుడు కారుతలేవు. ఆ నీళ్ళు ఏడికి పోతున్నయి?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. కారడం ఆగినందుకు సంతోషించినవాణ్ణి!

సోమవారం మెకానిక్ దగ్గరికి పోయి ఆ మాటే చెప్పాను. ఏసీ లోపలి చల్లని జల్లెడ మీద గాలిలోని తేమ నీరుగా మారుతుందట. అది ఒక సన్నని గొట్టం గుండా కారు కిందికి పోవాలి. మా గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది! "కుంభారిలో కుంభారీణ్" అని అతను మరాఠీలో నవ్వాడు. దారి లేక నీళ్ళు ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ కిందికి చేరాయి. పైన పొడిగానే ఉంది. ఎత్తి చూస్తే అడుగున స్పాంజి నల్లగా బూజు పట్టి ఉంది. గొట్టం ఊది, జల్లెడ కడిగి, గాలి ఫిల్టరు మార్చి, కార్పెట్‌ను డాబా మీద ఆరేశాక పీడ వదిలింది.

కారున్న మన పాఠకులకు ఒక మాట. ఏసీ వాడిన కారు కింద నీళ్ళు కారడం మంచి లక్షణమే. గమ్యం ఇంకా ఐదు నిమిషాలుందనగా ఏసీ ఆపి ఫ్యాను మాత్రం తిప్పితే లోపలి తడి ఆరుతుంది. వాసనలోనూ తేడాలున్నాయి. తియ్యటి వాసన వస్తే ఇంజను చల్లబరిచే కూలెంటు కారుతోందేమో చూపించుకోవాలి. కుళ్ళిన గుడ్డు వాసనైతే బ్యాటరీ మితిమీరి ఛార్జవుతోందేమో చూపించాలి. పెట్రోలు వాసన వస్తే మాత్రం బండి ఆపి దిగిపోవాలి. ముందు అత్తరు కొట్టకండి. అది ఉన్న ఆచూకీని కూడా చెడగొడుతుంది.

మర్నాడు పొద్దున అమ్మ ఆటో కోసం బయలుదేరుతుంటే ఎదురు వెళ్ళాను. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. "ముందు సీటులో కూర్చో అమ్మా" అన్నాను.

"సంచి?" అంది.

"ఒళ్ళో పెట్టుకో" అన్నాను.