టెక్సాస్ ఇంటి గోడ: రంగా, వాల్‌పేపరా?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణాలలోనూ, హ్యూస్టన్ శివారులైన కేటీ, షుగర్‌ల్యాండ్‌లలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు సొంత ఇల్లు కొనుక్కొన్నప్పుడు, గృహప్రవేశ ముహూర్తం లోపల తేల్చుకోవలసిన విషయాలలో గోడల అలంకరణ ఒకటి. గోడలకు కొత్త రంగు వేయించాలా, వాల్‌పేపర్ అంటించాలా అన్న ప్రశ్నను సాధారణంగా అభిరుచికీ ఖర్చుకూ సంబంధించినదిగానే చర్చిస్తారు. అయితే వాటికన్నా ముందుగా చూడవలసినవి రెండు ఉన్నాయి: గోడను దేనితో కట్టారు, ఆ గోడలో చెమ్మ ఎటు నుంచి ఎటు ప్రయాణిస్తుంది అన్నవి. ఈ రెండూ తెలుసుకోకుండా, పుట్టిన ఊరి గోడల అనుభవాన్నే ఇక్కడి గోడలకు అన్వయిస్తే, పెట్టిన డబ్బు వృథా కావడమే కాక ఒక్కొక్కసారి ఇంట్లోవారి ఆరోగ్యానికి కూడా చేటు కలుగుతుంది.

తెలుగు నేలమీద ఇంటి గోడ అంటే ఇటుకనో రాతినో పేర్చి, పైన సున్నంతోనో సిమెంటుతోనో పూత పూసిన బరువైన కట్టడం. పండుగలకు, ముఖ్యంగా సంక్రాంతికి, ఇంటికి వెల్ల వేయించడం తరతరాల ఆనవాయితీ. నీటిలో విరిసిన ఆ సున్నం గోడకు పట్టిన తరువాత గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని, కాల్షియం కార్బొనేటుగా, అంటే తాను పుట్టిన సున్నపురాయి పదార్థంగానే తిరిగి గట్టిపడుతుంది. ఆ పొర నిండా కంటికి కనబడని రంధ్రాలు ఉండడం వల్ల వానాకాలంలో గోడ పీల్చుకొన్న చెమ్మ ఎండలు కాసే నాటికి వాటిగుండా బయటికి పోతుంది. సున్నానికి సహజమైన క్షారగుణం శిలీంధ్రాన్ని, అంటే తడి తగిలినచోట పట్టే బూజును, త్వరగా ఎదగనివ్వదు. తెల్లదనం కోసం ఇంత నీలిమందు, ఆనుకుంటే బట్టలకు అంటకుండా ఉండడానికి కాస్త జిగురు కలపడం సున్నాలు వేసేవారికి తెలిసిన కిటుకులు. తరువాత డిస్టెంపర్లు, ఆపైన పుట్టీ మీద వేసే ఎమల్షన్ రంగులు వచ్చాయి గానీ, గోడలో చెమ్మ ఆరకముందే వాటిని దట్టించిన చోట పూత ఉబ్బి పెచ్చులూడడం హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇప్పటికీ చూస్తున్నదే. చెమ్మకు దారి మూసిన పూత నిలవదన్న ఆ పాఠం టెక్సాస్‌లోనూ పనికివస్తుంది, కాకపోతే ఇక్కడ చెమ్మ నడిచే దారి వేరు.

అమెరికా ఇంటి గోడ బోలుగా ఉండే తేలికపాటి కట్టడం. సాధారణంగా 16 అంగుళాల ఎడంలో నిలబెట్టిన చెక్క నిలువుకమ్ములకు, అంటే స్టడ్స్‌కు, లోపలివైపు డ్రైవాల్ పలకలను మరలతో బిగించి, పలకల మధ్య సందులను కాగితపు పట్టీతోనూ, పనివారు మడ్ అని పిలిచే ముద్దతోనూ పూడుస్తారు. డ్రైవాల్ అంటే రెండు దళసరి కాగితాల మధ్య జిప్సం నింపిన పలక. దాని మందం చాలా ఇళ్లలో అర అంగుళమే. ఆగస్టిన్ సాకెట్ 1894లో పేటెంటు పొందిన సాకెట్ బోర్డు దీనికి మూలరూపం కాగా, రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇళ్లను వేగంగా కట్టవలసి వచ్చినప్పుడు, ఆరడానికి రోజుల తరబడి పట్టే తడిపూతను పక్కకు నెట్టి ఈ పలకలు దేశమంతటా వ్యాపించాయి. కాబట్టి ఇక్కడ గోడ పైముఖమే కాగితం. దానిమీద వేసేది రంగైనా, అంటించేది వాల్‌పేపరైనా, ఆ కాగితం చెడకుండా ఉన్నంతకాలమే నిలుస్తుంది.

టెక్సాస్ ఇళ్లలో దీనికి తోడు మరొక విశేషం ఉంది. అతుకుల దగ్గర మిగిలే ఎగుడుదిగుళ్లు కనబడకుండా గృహనిర్మాతలు పలచని ముద్దను గోడలన్నిటిమీదా తుంపరగా చల్లించి, ఆరెంజ్ పీల్ అని పిలిచే చిన్నచిన్న బొడిపెల ఉపరితలాన్ని తయారుచేయిస్తారు. రంగుకు దీనితో ఇబ్బంది లేకపోగా చిన్న దెబ్బలు, గీతలు అందులో కలిసిపోతాయి. వాల్‌పేపర్‌కు మాత్రం ఈ బొడిపెలు శత్రువులు, ఎందుకంటే నునుపైన కాగితం కింద ప్రతి బొడిపె పైకి తేలుతుంది, వాటి మధ్య పల్లాలలో జిగురు సరిగా అంటక అంచులు లేస్తాయి. ముందుగా గోడంతటికీ మడ్ పలచగా పూసి, అది ఆరిన తరువాత ఉప్పు కాగితంతో రుద్ది చదును చేయించాలి. ఈ పని వల్ల లేచే తెల్లని దుమ్ము ఇంటి నిండా పరుచుకోవడం ఒక ఎత్తు, అందుకయ్యే కూలి మరొక ఎత్తు. వాల్‌పేపర్ ధరను మాత్రమే చూసి లెక్క వేసుకొన్నవారికి ఈ రెండూ తరువాతే తెలిసివస్తాయి.

ఇక చెమ్మ విషయం. వేసవిలో హ్యూస్టన్ గాలి తుషార బిందువు, అంటే గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, తరచు 23, 24 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. అదే సమయంలో ఇంటి లోపల ఏసీ కూడా ఇంచుమించు అంతే ఉష్ణోగ్రతకు పెట్టి ఉంటుంది; చల్లగాలి నేరుగా తగిలే చోట గోడ ఇంకా చల్లగా ఉంటుంది. ఆవిరి ఎప్పుడూ తాను ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి పోతుంది గనుక, బయటి ఉక్క గాలిలోని ఆవిరి గోడ పొరల గుండా లోపలికి ప్రయాణిస్తుంది. లోపలి ముఖానికి మామూలు నీటి ఆధారపు రంగు మాత్రమే ఉంటే, ఆ ఆవిరి దానిగుండా కొంత కొంతగా గదిలోకి వచ్చి ఏసీ లాగే నీటితో కలిసి బయటికి పోతుంది. అక్కడ వినైల్ వాల్‌పేపర్, అంటే కాగితం మీద ప్లాస్టిక్ పొర వేసిన రకం, అంటించి ఉంటే ఆవిరికి దారి మూసుకుపోయి, చల్లని ఆ పొర వెనుకనే నీరుగా మారుతుంది. డ్రైవాల్ కాగితం, వాల్‌పేపర్ జిగురులోని పిండిపదార్థం, తడి, చీకటి అన్నీ ఒకేచోట చేరితే బూజుకు అంతకన్నా అనువైన స్థలం ఉండదు. మొదట పైకి ఏమీ తెలియదు. కొంతకాలానికి వినైల్ మీద లేత గులాబీ రంగు మరకలు తేలుతాయి, మూల దగ్గర అంచు పట్టి లాగితే వెనుక నల్లని చుక్కలతో మెత్తబడిన పలక బయటపడుతుంది. మెక్సికో సింధుశాఖ తీరప్రాంతపు హోటళ్లలో ఈ కారణంగానే గదులకు గదులు విప్పి కట్టవలసి వచ్చిన సందర్భాలు భవన నిర్మాణ శాస్త్రవేత్తలకు బాగా తెలిసినవి.

మిన్నసోటా, షికాగో వంటి శీతల ప్రాంతాలలో చలికాలమంతా ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది గనుక, లోపలి ముఖాన ఆవిరిని ఆపే పొర ఉండడం అక్కడ గోడకు మేలే చేస్తుంది. షికాగోలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉన్న బంధువుల ఇంటి వినైల్ కాగితాన్ని చూసి హ్యూస్టన్‌లో అదే రకం తెప్పించుకోవడం అందువల్ల పొరపాటవుతుంది. నిర్ణయం ఊరిని బట్టి మారాలి; చుట్టాలూ స్నేహితులూ ఇచ్చే సలహాలలో తరచు లోపించేది ఈ ఒక్క విషయమే.

చెమ్మకూ వాల్‌పేపర్‌కూ ఉన్న ఈ వైరం కొత్తది కాదు. స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త షీలే 1775లో రాగి, ఆర్సెనిక్‌ల కలయికతో తయారుచేసిన ఆకుపచ్చ రంగు పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా వాల్‌పేపర్లలో విరివిగా వాడుకలోకి వచ్చింది. తడి గదులలో ఆ కాగితాల నుంచి వచ్చే వాసన ప్రమాదకరమని జర్మన్ శాస్త్రవేత్త గ్మెలిన్ 1839లోనే హెచ్చరించాడు. తడిసిన కాగితం మీద పెరిగే బూజు ఆ ఆర్సెనిక్‌ను వాయువుగా మారుస్తుందని ఇటలీకి చెందిన గోసియో 1890ల్లో నిరూపించాడు. విలియం మోరిస్ వంటి గొప్ప రూపకర్త తొలినాళ్ల కాగితాలలో సైతం ఆర్సెనిక్ ఉన్నట్లు తరువాతి పరీక్షలలో తేలింది. రంగుకు కూడా ఇటువంటి చరిత్రే ఉంది. సీసం కలిసిన రంగుల వాడకాన్ని ఇళ్లలో అమెరికా 1978లో నిషేధించింది. భారతదేశం 2016 నాటి నియమావళితో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు పరిమితం చేసింది. రిచర్డ్‌సన్, ఇర్వింగ్ వంటి చోట్ల 1978కి ముందు కట్టిన ఇల్లు కొన్నవారు, చిన్నపిల్లలు ఉంటే మరీ ముఖ్యంగా, పాత రంగును పరీక్ష చేయించకుండా గీకించకూడదు.

తెలుగు ఇంట్లో వంటగది, పూజగది అనే రెండు స్థలాలు ఈ చర్చలో ప్రత్యేకంగా నిలుస్తాయి. అమెరికా ఇళ్లలో పొయ్యి మీద అమర్చిన మైక్రోవేవ్‌లోని ఫ్యాను చాలాచోట్ల పొగను బయటికి పంపదు, జల్లెడ గుండా లాగి తిరిగి గదిలోకే వదులుతుంది. రోజూ ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెట్టే ఇంట్లో ఆ నూనె ఆవిరి క్రమంగా గోడలమీద జిడ్డు పొరగా పేరుకుంటుంది. శాటిన్ రంగుకు, అంటే ఆరాక కొద్దిపాటి మెరుపు ఉండి తడిగుడ్డతో తుడిచినా చెక్కుచెదరని రకానికి, ఈ జిడ్డు పెద్ద సమస్య కాదు. కాగితం మాత్రం ఆ జిడ్డును పీల్చుకొని శాశ్వతంగా మరక పడుతుంది. పూజగదిలో దీపపు మసి, అగరుబత్తి పొగ, పసుపు చేతి ముద్రలు తప్పవు. నిర్మాతలు వేయించి ఇచ్చే మెరుపులేని చౌకరకం రంగు మీద పసుపు పడితే తుడిచినకొద్దీ రంగే లేచివస్తుంది గానీ, మరకను ఆపే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే ఆధారపు పూత, ఒకటి వేసి పైన కొత్త రంగు పూస్తే గోడ మళ్లీ శుభ్రమవుతుంది. వాల్‌పేపర్ మీద అదే మరక పడితే ఆ పట్టీ మొత్తం మార్చాలి. దీపం దగ్గర కాగితం ఉండడంలోని ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండు గదులకూ వాల్‌పేపర్ తగదు.

ఇంత చెప్పినా వాల్‌పేపర్‌ను తక్కువ చేయడానికి వీల్లేదు, ఎందుకంటే రంగు ఇవ్వలేనిది అది ఇస్తుంది. తీగలు, పక్షులు, కలంకారీని తలపించే అల్లికలు గోడంతటా కొనసాగించడం రంగుతో సాధ్యమే అయినా అది చేయి తిరిగిన చిత్రకారుడి పని. అంటించడంలోనూ గొప్ప నైపుణ్యం ఉంది. పనివాడు మొదట తూకపు గుండుతో గోడమీద నిట్టనిలువు గీత గీస్తాడు, ఎందుకంటే ఏ ఇంటి మూలా కచ్చితమైన లంబకోణంలో ఉండదు. పట్టీకి జిగురు రాసి, జిగురు ముఖాలు లోపలికి వచ్చేలా మడిచి కొన్ని నిమిషాలు పక్కన పెడతాడు. తడికి కాగితం సాగడం ఆ వ్యవధిలో పూర్తి కాకపోతే, గోడమీద సాగి బుడగలు లేస్తాయి, ఆరినప్పుడు ముడుచుకొని అతుకులు తెరుచుకొంటాయి. తరువాత పట్టీని గీతకు ఆనించి, పక్క పట్టీలోని ఆకుకు ఈ పట్టీలోని కాడ సరిగ్గా కలిసేలా జరుపుతూ, అతుకు మీద చిన్న రోలరును నడిపిస్తాడు. పని బాగా కుదిరితే అతుకు ఎక్కడుందో వేలితో తడిమి తెలుసుకోవలసిందే.

అటువంటి కాగితానికి ఎంత ఆయుష్షు ఉంటుందో చెప్పడానికి శ్వేతసౌధమే నిదర్శనం. ఫ్రాన్సులోని జూబర్ సంస్థ 1834లో చెక్క అచ్చులతో ముద్రించిన ఉత్తర అమెరికా దృశ్యాల కాగితాన్ని, మేరీల్యాండులో కూల్చివేయబోతున్న ఒక పాత ఇంటి గోడల నుంచి జాగ్రత్తగా ఊడదీసి, అప్పటి అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనడీ హయాంలో, 1961లో అక్కడి దౌత్యాతిథుల గదిలో అంటించారు. గోడ కూలినా దాని అందాన్ని మరొక ఇంటికి తీసుకుపోవడం రంగుతో సాధ్యం కాదు.

ఖర్చు లెక్క క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఒక గ్యాలన్ రంగు ఒక పూతకు సుమారు 350 నుంచి 400 చదరపు అడుగులకు వస్తుంది. అమెరికాలో జంట చుట్టగా అమ్మే వాల్‌పేపర్ సుమారు 56 చదరపు అడుగులే కప్పుతుంది, అందులోనూ బొమ్మ కలవడం కోసం కత్తిరించి పారేసే భాగం పోగా మిగిలేది ఇంకా తక్కువ. రంగు వేయడం ఇంటిల్లిపాదీ వారాంతంలో చేసుకోగల పని. నిపుణుడు లేకుండా బొమ్మల కాగితం అంటించుకోవడం మంచిది కాదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే, టెక్సాస్ ఇంట్లో గోడలలో ఎక్కువ భాగానికి రంగే సరైనదని చెప్పక తప్పదు. వాల్‌పేపర్ కావాలనుకొన్నవారు దానిని బయటి ఎండకూ ఉక్కకూ సంబంధం లేని లోపలి అడ్డుగోడకు పరిమితం చేయాలి: మెట్ల పక్క గోడ, భోజనాల గదిలో ఒక గోడ, లేదా పౌడర్ రూమ్, అంటే స్నానానికి వీలులేకుండా సింకు, కమోడ్ మాత్రమే ఉండి ఆవిరి పుట్టని చిన్న గది. వినైల్‌కు బదులు నాన్‌వోవెన్ రకం, అంటే నారను అల్లకుండా అదిమి తయారుచేసిన ఆవిరి చొరబడే కాగితం, ఎంచుకోవాలి. జిగురుకు ముందు వాల్‌పేపర్ కోసం ఉద్దేశించిన ప్రైమర్ తప్పనిసరిగా వేయించాలి. అది లేకపోతే కొన్నేళ్ల తరువాత కాగితం మార్చబోయినప్పుడు డ్రైవాల్ పైముఖం కూడా దానితోపాటే చీలిపోయి, గోధుమరంగు పొర బయటపడి, గోడంతా మళ్లీ పూయించవలసి వస్తుంది. అద్దె అపార్టుమెంటులో ఉండే కొత్త దంపతులకు, వెనుక ఉన్న పల్చని పొర ఒలిచి అంటించే రకం అనువైనదే. అయితే ముందుగా ఒక మూల చిన్న ముక్క అంటించి, కొన్నాళ్లకు తీసి చూసుకొంటే డిపాజిట్టు భద్రంగా ఉంటుంది.

కొత్తగా కట్టిన ఇల్లు కొన్నవారికి ఒక విన్నపం. మొదటి ఏడాదిలో గోడలలోని చెక్క ఆరి ముడుచుకోవడం వల్ల మరలు పైకి పొడుచుకొని వస్తాయి, మూలలలో సన్నని బీటలు కనబడతాయి. చాలామంది నిర్మాతలు ఏడాది హామీ గడువు లోపల వచ్చి వాటిని సరిచేసి, రంగు దిద్ది వెళతారు. వాల్‌పేపర్ కింద ఆ బీట పడితే కాగితమే చిరుగుతుంది, దానికి హామీ వర్తించదు. గృహప్రవేశానికి పసుపు కుంకుమలు, మామిడి తోరణం చాలు. ఆ మరమ్మతులు పూర్తయ్యేదాకా కాగితం చుట్టలను విప్పకండి.